రోడ్డు సన్నబడితే ఊరు బతికింది!

ఆన్‌సైట్ అనగానే డల్లాసో న్యూజెర్సీయో అనుకున్నా. మెయిల్ తెరిచి చూస్తే ‘గ్రీన్‌విల్, సౌత్ కరోలినా’ అని ఉంది. ఆ పేరు అప్పటిదాకా వినలేదు. మ్యాప్‌లో వెతికితే అట్లాంటాకీ షార్లెట్‌కీ మధ్యలో ఓ చుక్క. 2020 లెక్కల ప్రకారం సిటీ జనాభా 70 వేల పైచిలుకు. అంటే మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. ‘పోయి పోయి ఆ పల్లెటూరికా?’ అని రూమ్మేట్లు నవ్వారు. నేనూ నవ్వా.

ఆరు నెలలుండి వచ్చా. ఇప్పుడు ఆ ఊరి గురించి ఎవరడిగినా గంట మాట్లాడతా. కారణం ఆ ఊరొక్కటే కాదు. మా నాన్న కొట్టు గోడ మీదున్న ఎర్ర గీత కూడా.

గోడ మీద గీత

మాది కోస్తాలో ఓ చిన్న టౌన్. పేరెందుకులెండి, ఇలాంటి ఊరు మీకూ ఒకటుండే ఉంటుంది. రైల్వే స్టేషన్, బస్టాండు, మధ్యలో గడియారస్తంభం, అక్కణ్నుంచి మొదలయ్యే మెయిన్ బజారు. ఆ బజార్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. తాతయ్య పెట్టాడు, నాన్న నడుపుతున్నాడు. పెళ్ళి సారె అంటే చుట్టుపక్కల పల్లెలవాళ్ళు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. బిందెలు, గంగాళాలు, టిఫిన్ క్యారియర్లు... బేరం తెగాక చిన్న మిషన్‌తో వాటి మీద పేర్లు కొట్టడం నా డ్యూటీ. సెలవుల్లో నేను కొట్టిన పేర్లు ఇప్పటికి ఎన్ని వంటిళ్ళలో ఉన్నాయో!

తర్వాత బైపాస్ వచ్చింది. దాని పక్కన ఏసీ షోరూములు, సూపర్ మార్కెట్లు లేచాయి. అందరి ఫోన్లలోకీ ఆన్‌లైన్ షాపింగ్ వచ్చింది. బజారుకి ఆటోలు, హారన్లు, మురిక్కాలవ మిగిలాయి. మా పక్కనున్న బట్టల కొట్టు మూతపడింది. ఎదురుగా ఉన్న పుస్తకాల షాపు గోడౌన్ అయిపోయింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు విస్తరణ మాట మొదలైంది. 30 అడుగుల రోడ్డుని 60 అడుగులు చేస్తారట. మనుషులొచ్చి టేపుతో కొలిచి, రెండు వైపులా ప్రతి కొట్లో ఎర్ర రంగుతో గీత పెట్టి వెళ్ళారు. మా గీత గుమ్మం దగ్గర పడలేదు. 15 అడుగులు లోపల, గల్లాపెట్టె వెనక గోడ మీద పడింది. మా కొట్టు మొత్తం లోతే 22 అడుగులు.

నేనప్పుడు హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరా. ఊరి వాట్సాప్ గ్రూపులో వార్త చూసి ‘సూపర్, డెవలప్‌మెంట్ అంటే ఇదీ’ అని మెసేజ్ పెట్టా. గీత మా కొట్లోనూ పడిందని తెలీదు. ఆ రాత్రి నాన్న ఫోన్ చేశాడు. కోప్పడలేదు.

“ఒరేయ్, రోడ్డు పెద్దదైతే బళ్ళు జోరుగా పోతాయి. జోరుగా పోయేవాడు బిందె కొనడానికి ఆగుతాడా?” అన్నాడు.

“నీకు తెలీదు నాన్నా. ట్రాఫిక్ జామ్ పోతే కస్టమర్లు వాళ్ళే వస్తారు” అన్నా.

ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది కదా, ఆ ధైర్యం.

శనివారం మెయిన్ స్ట్రీట్

గ్రీన్‌విల్ చేరింది జూన్‌లో. మొదటి శనివారం పొద్దున్నే డౌన్‌టౌన్‌కి వెళ్ళా. డౌన్‌టౌన్ అంటే మనకి సినిమాల్లో చూసిన అద్దాల మేడలు గుర్తొస్తాయి. ఇక్కడ అవి తక్కువే. మెయిన్ స్ట్రీట్‌లో చాలావరకు రెండు మూడంతస్తుల పాత ఇటుక బిల్డింగులు. కింద కొట్లు, పైన ఇళ్ళో ఆఫీసులో. కట్టుబడి చూస్తే అచ్చం మన బజారే.

తేడా రోడ్డులో ఉంది. రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు, ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. పేవ్‌మెంట్ మీద నలుగురు పక్కపక్కనే నడవొచ్చు. కాఫీ షాపుల టేబుళ్ళు వేశాక కూడా చోటు మిగిలింది. మధ్యలో రోడ్డేమో పోవడానికో లేన్, రావడానికో లేన్. అంతే. నడిచేవాళ్ళు దాటుతుంటే కార్లు ఆగుతున్నాయి. అక్కడున్న గంటసేపూ ఒక్క హారన్ వినలేదు.

మే నుంచి అక్టోబరు దాకా శనివారం పొద్దుట ఆ రోడ్డులో కొంత భాగం మూసేసి సంత పెడతారు. చుట్టుపక్కల రైతులు టమాటాలు, పీచ్ పళ్ళు, తేనె, పూలు తెచ్చి గుడారాల కింద అమ్ముతారు. అమెరికాలో సంత చూస్తాననుకోలేదు. ఓ తెలుగు కుటుంబం బెండకాయలు విరిచి చూస్తూ కనబడింది. లేతవో ముదురువో చూసే ఆ అలవాటు మాత్రం ఎక్కడికెళ్ళినా మారదు!

ఇంకో పక్క పిల్లలు వంగి వంగి గోడల మూలలు, మెట్ల కిందలు వెతుకుతున్నారు. ఏంటని చూస్తే కంచుతో చేసిన చిట్టి ఎలుకలు. అయిదు బ్లాకుల పొడవునా తొమ్మిది దాచి పెట్టారు. ‘గుడ్‌నైట్ మూన్’ అనే పిల్లల బొమ్మల పుస్తకంలో దాక్కునే ఎలుక ఉంటుంది. దాన్ని చూసి ఓ హైస్కూల్ విద్యార్థి తన ప్రాజెక్టు కోసం ఇచ్చిన ఐడియా ఇది. ఎలుకల్ని వెతికే పిల్లాడి వెనక అమ్మానాన్నా నడుస్తారు. నడిచేవాళ్ళు దాహమేసి ఆగుతారు. ఆగితే కొంటారు. పెద్ద ఖర్చు లేదు, పని మాత్రం జరుగుతోంది.

‘ఎంత అందమైన ఊరో’ అనుకుంటూ రూముకొచ్చి, దాని పాత ఫొటోలు వెతికా. అప్పుడు నిద్ర పట్టలేదు.

చొక్కాల ఫ్యాక్టరీ నుంచి మేయర్ కుర్చీకి

ఒకప్పుడు గ్రీన్‌విల్ అంటే నూలు మిల్లులు. ప్రపంచ వస్త్ర కేంద్రం అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఊరి మధ్యలో పారే రీడీ నది మిల్లుల్లో ఆ రోజు ఏ రంగు అద్దితే ఆ రంగులో పారేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. తర్వాత మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మరోపక్క ఊరి బయట మాల్స్ వచ్చాయి. 1968లో ఒకటి, 1980లో ఇంకా పెద్దది. మెయిన్ స్ట్రీట్‌లోని పెద్ద షాపులు వాటి వెంటే వెళ్ళిపోయాయి. 1925లో కట్టిన పోయిన్‌సెట్ హోటల్ ఆ ఊరికి గర్వకారణం. అది కూడా మూతపడింది. చీకటి పడితే అటువైపు వెళ్ళడానికి జనం జంకేవాళ్ళట.

బైపాస్ బదులు మాల్. మిగతా కథంతా మా బజారుదే!

అప్పట్లో మెయిన్ స్ట్రీట్ నాలుగు లేన్లు. కార్లు సర్రున దూసుకుపోవడానికి ఏ అడ్డూ లేదు. ఆ ఊరికి 1971లో మాక్స్ హెల్లర్ మేయర్ అయ్యాడు. ఆయన కథే ఓ సినిమా. పుట్టింది వియన్నాలో, యూదు కుటుంబంలో. 1937లో అక్కడికి విహారయాత్రకొచ్చిన ఓ గ్రీన్‌విల్ అమ్మాయితో ఓ డాన్స్ దగ్గర పరిచయమైంది. మరుసటేడు హిట్లర్ ఆస్ట్రియాని ఆక్రమించాడు. ప్రాణాలు కాపాడుకోవాలంటే దేశం దాటాలి. ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తే, ఆమె ఊళ్ళోని చొక్కాల ఫ్యాక్టరీ యజమానిని ఒప్పించి స్పాన్సర్‌షిప్ ఇప్పించింది. వచ్చిన కుర్రాడు ఆ ఫ్యాక్టరీలోనే నేల ఊడ్చే పనితో మొదలుపెట్టాడు. పదేళ్ళకి సొంతంగా చొక్కాల కంపెనీ పెట్టాడు. చివరికి ఊరికే మేయరయ్యాడు.

హెల్లర్ బుర్రలో మాత్రం వియన్నా వీధులే ఉన్నాయి. చెట్ల నీడ, బయట వేసిన కుర్చీలు, సాయంత్రం షికారు. లారెన్స్ హాల్‌ప్రిన్ అనే పేరున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని పెట్టుకొని, 1970ల చివర్లో మెయిన్ స్ట్రీట్‌ని నాలుగు లేన్ల నుంచి రెండు లేన్లకి కుదించాడు. మిగిలిన జాగాలో పేవ్‌మెంట్లు వెడల్పు చేసి, చెట్లు నాటించి, కార్లు ఏటవాలుగా ఆపుకునే చోటిచ్చాడు.

ఆ వాక్యం రెండుసార్లు చదివా. రోడ్డుని కుదించాడు! మా నాన్న టెన్త్ ఫెయిల్. హాల్‌ప్రిన్ పేరు వినుండడు. కానీ ఇద్దరిదీ ఒకటే లెక్క. జోరుగా పోయేవాడు ఆగడు.

చెట్లు నాటగానే జనం వచ్చేయలేదు. ఆగడానికో కారణం కావాలి. సిటీ డబ్బు, ఫెడరల్ గ్రాంటు, ప్రైవేటు పెట్టుబడి కలిపి 1982లో మెయిన్ స్ట్రీట్‌కి ఓ చివర హయత్ హోటల్ తెచ్చారు. 1990లో ఇంకో వైపు పీస్ సెంటర్ అనే నాటకశాల వచ్చింది. పీస్ అంటే శాంతి అనుకున్నా, విరాళమిచ్చిన కుటుంబం ఇంటిపేరట. మూతపడిన పోయిన్‌సెట్ హోటల్ 2000లో మళ్ళీ తెరిచారు. 2006లో బేస్‌బాల్ స్టేడియం కట్టారు. రెండు చివర్లా రెండు ఆకర్షణలు పెడితే మధ్యలో జనం నడుస్తారు. నడిచే దారిలో కొట్లు బతుకుతాయి. మా బజారుకి ఓ చివర రైల్వే స్టేషన్, ఇంకో చివర గుడి ఉన్నాయి. మాకది తాతల కాలంలోనే దొరికింది, మేమే పోగొట్టుకుంటున్నాం.

జలపాతం మీద నుంచి తీసేసిన బ్రిడ్జి

మెయిన్ స్ట్రీట్ మీద కిందికి నడుచుకుంటూ పోతే నీళ్ళ హోరు వినిపిస్తుంది. ఊరి నడిబొడ్డున జలపాతం! పెద్దదేం కాదు, బండల మీద మెట్లు మెట్లుగా జారుతుంది. జనం ఆ బండల మీదే చెప్పులు పక్కన పెట్టి కూర్చుంటారు. ఆదివారం సాయంత్రాలు నేనక్కడే కూర్చొని అమ్మకి వీడియో కాల్ చేసేవాణ్ని.

1960లో ఆ జలపాతం మీదుగా నాలుగు లేన్ల కార్ల బ్రిడ్జి కట్టేశారు. పైన బళ్ళు, కింద చెత్త. కింద జలపాతం ఉందన్న సంగతే చాలామందికి గుర్తు లేకుండా పోయింది. 1967లో కరోలినా ఫుట్‌హిల్స్ గార్డెన్ క్లబ్ మహిళలు ఆ చెత్త తీసి, మొక్కలు నాటి, ఆ చోటుని కాపాడే పని మొదలుపెట్టారు. తర్వాత ఆ బ్రిడ్జిని తీసేయాలన్నారు. బాగున్న బ్రిడ్జిని ఎవరైనా పడగొడతారా అని ఊళ్ళో ఏళ్ళ తరబడి గొడవ. చివరికి 2002లో, నాక్స్ వైట్ మేయర్‌గా ఉండగా, పడగొట్టారు. 2004లో ఆ చోట నడిచేవాళ్ళ కోసమే 355 అడుగుల లిబర్టీ బ్రిడ్జి కట్టారు. ఒకవైపే కేబుల్‌తో వేలాడుతూ, జలపాతం చుట్టూ విల్లులా వంగి ఉంటుంది. ఇవాళ ఆ ఊరి ఫొటో అంటే అదే.

1967 నుంచి 2004. గార్డెన్ క్లబ్‌లో మొదట చెత్త ఎత్తినవాళ్ళలో ఎంతమంది ఆ బ్రిడ్జి మీద నడిచారో అనుకుంటే ఓ రకంగా ఉంటుంది. మనం రెండు వారాల స్ప్రింట్లకి అలవాటుపడ్డవాళ్ళం కదా.

మెరుపు వెనక మాట

ఇదంతా చదివి గ్రీన్‌విల్ స్వర్గం అనుకోకండి. మెయిన్ స్ట్రీట్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ కలిసే మూల ఇద్దరు విద్యార్థుల కంచు విగ్రహాలున్నాయి. నల్లజాతి పిల్లలు చదివిన స్టెర్లింగ్ హైస్కూల్ గుర్తుగా పెట్టినవి. ఒకప్పుడు ఇదే డౌన్‌టౌన్‌లో వాళ్ళు హోటల్ కౌంటర్ దగ్గర కూర్చోకూడదు. తెల్లవాళ్ళ లైబ్రరీలో పుస్తకం తీసుకోకూడదు. 1960 జులైలో ఎనిమిది మంది విద్యార్థులు ఆ లైబ్రరీలోకెళ్ళి కూర్చుని అరెస్టయ్యారు. అందులో ఒకరు తర్వాత దేశమంతా తెలిసిన జెస్సీ జాక్సన్. ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ ఏడాదే లైబ్రరీ అందరికీ తెరిచారు.

ఇప్పుడు అడ్డు నిలబడేది చట్టం కాదు, ధర. డౌన్‌టౌన్ బాగుపడేకొద్దీ చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి. తరతరాలుగా నల్లజాతి కుటుంబాలుండే పేటల మీద ఆ భారం పడింది. 2022లో ఆ పేటల మధ్యే 60 ఎకరాల యూనిటీ పార్క్ తెరిచారు. పక్కనే తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకి సిటీ స్థలం కేటాయించింది. అది చాలదన్నవాళ్ళూ ఉన్నారు. మెయిన్ స్ట్రీట్ కాఫీ షాపులో కప్పు కాఫీకి బిల్లు చూసి నేనే రూముకొచ్చి బ్రూ కలుపుకున్నా. అక్కడ కప్పులు కడిగేవాళ్ళు ఆ వీధిలో ఇల్లు తీసుకోగలరా?

బజారు బాగుపడటం ఒకటి, బజారువాళ్ళు బాగుపడటం ఒకటి. రెండూ ఎప్పుడూ కలిసి రావు.

“ముందు కాలవ తీయించమను”

నవంబర్‌లో నాన్న ఫోన్. అయిదేళ్ళుగా పడున్న విస్తరణ ఫైలు మళ్ళీ కదిలిందట. సంక్రాంతి తర్వాత కొట్లవాళ్ళతో మీటింగట. డబ్బు బదులు టీడీఆర్ బాండ్లు ఇస్తామంటున్నారట. అంటే పోయిన జాగాకి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు, లేదా ఆ హక్కుని అమ్ముకోవడం.

“నేనెక్కడ మేడ కడతాన్రా? ఏడడుగుల కొట్లో గంగాళం ఎక్కడ పెడతా? ఒకాయన కొంటానని తిరుగుతున్నాడు. అమ్మేద్దామా?”

నేను వెంటనే మాక్స్ హెల్లర్ కథ మొదలుపెట్టా. నాలుగు లేన్లు, రెండు లేన్లు, చెట్లు, ఎలుకలు, జలపాతం... పది నిమిషాలు చెప్పా. ఫొటోలు పంపా. నాన్న అంతా విన్నాడు.

“చెట్లు సరే. ముందు కాలవ తీయించమను. ఆ వాసనకి ఎలుకలైతే నిజంవే ఉన్నాయి మన దగ్గర.”

నవ్వొచ్చింది కానీ, ఆయనన్నది కరెక్టు. గ్రీన్‌విల్‌ని కాపీ పేస్ట్ చేస్తే మా ఊళ్ళో రన్ అవదు. వాళ్ళకి చుట్టూ మిచెలిన్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలున్నాయి. మాకు ధాన్యం మిల్లులున్నాయి. ఎవరి ఊరికి వాళ్ళ బగ్గులు.

మళ్ళీ బజార్లో

సంక్రాంతికి ఇంటికెళ్ళా. పండగ ముందు శనివారం గల్లాపెట్టె దగ్గర కూర్చుని సాయంత్రమంతా నోట్‌బుక్‌లో గీతలు పెట్టా. ఎవరు నడిచొచ్చారు, ఎవరు బండి మీదొచ్చారు, ఎవరు ఆగారు, ఎవరు దాటిపోయారు. చూస్తే కొన్నవాళ్ళలో ఎక్కువమంది స్టేషన్ నుంచో బస్టాండు నుంచో నడిచొచ్చినవాళ్ళే. కారు దిగి కొన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జామ్ చేసే బళ్ళలో సగానికి పైగా బజారుతో పనే లేదు, అవతలి పేటకి అడ్డదారని వస్తున్నాయి.

పెద్దాళ్ళతో కూర్చుంటే అందరూ ఒక మాట మీద లేరు. “మా బాబాయికి గుండెనొప్పి వస్తే అంబులెన్స్ ఈ బజార్లో ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయింది. నీ చెట్లూ బెంచీలూ మాకొద్దు బాబూ” అన్నాడు మందుల షాపాయన. నా దగ్గర దానికి స్లైడ్ లేదు. ఆయన మాట పక్కన పెట్టి ఏ ప్లానూ వేయకూడదని మాత్రం అర్థమైంది.

రెండు రాత్రులు మాట్లాడుకుని ఓ కాగితం రాశాం. ఆటోలకి ఒక వైపే దారి. సరుకు లారీలు పొద్దున తొమ్మిదిలోపే. బైకులు ఆపుకోవడానికి పాత మార్కెట్ యార్డు ఖాళీ జాగా. మురిక్కాలవ తీసి, పైన పలకలేసి, దాని మీద నడిచే దారి. కొట్లవాళ్ళు రోడ్డు మీదికి జరిపిన సామాను వెనక్కి తీయాలి. ఇది రాసినప్పుడు అందరికంటే ముందు నాన్న లేచి, మెట్ల మీద పేర్చిన బిందెలు తనే లోపల పెట్టాడు. అంబులెన్స్‌కి ఎప్పుడూ ఓ వరస ఖాళీ. ఇవన్నీ ఆర్నెల్లు చేసి చూసి, అప్పటికీ కుదరకపోతే విస్తరణ మాట ఎత్తమని అడిగాం.

మీటింగులో కాగితం తీసుకున్నారు. చూస్తామన్నారు. ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. ఈ వ్యాసం రాసేనాటికి కాలవ పని మాత్రం మొదలైంది, స్టేషన్ వైపు నుంచి.

కొట్టు అమ్మలేదు. కొంటానన్నాయన ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. బయల్దేరే రోజు నాన్న అడిగాడు, “ఆ ఊరివాళ్ళకి ఎన్నేళ్ళు పట్టింద్రా?”

“ముప్ఫై పైనే నాన్నా.”

“మరి ఆర్నెల్లకోసారైనా రా. ఎవరో ఒకరు లెక్క రాయాలిగా” అని గీతల నోట్‌బుక్ నా బ్యాగులోంచి తీసి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.

ఎర్ర గీత ఇంకా అక్కడే ఉంది. నాన్న దాని మీద కొత్త సంవత్సరం క్యాలెండర్ తగిలించాడు.

వెళ్ళాలనుకుంటే...

అట్లాంటా నుంచి గ్రీన్‌విల్ సుమారు 230 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. షార్లెట్ నుంచి 160 కిలోమీటర్లు. మే, అక్టోబరు మధ్య శనివారం పొద్దున్నే చేరుకుంటే సంత దొరుకుతుంది. కారు ఓ చోట ఆపేసి హయత్ దగ్గర మొదలుపెట్టి, ఎలుకల్ని వెతుక్కుంటూ జలపాతం దాకా నడవండి. ఓపికుంటే పాత రైలు పట్టా దారిలో వేసిన స్వాంప్ ర్యాబిట్ ట్రయల్ మీద సైకిల్ తొక్కండి. స్టెర్లింగ్ విద్యార్థుల విగ్రహాల దగ్గర కాసేపు ఆగండి. తిరిగొచ్చాక మీ ఊరి బజార్లో కూడా ఓ సాయంత్రం, బండి ఇంట్లో పెట్టి, అలాగే నడిచి చూడండి.